పాము ఉపవాసము

నల్లమల యడుగున నున్న మా సీమలో పామును చూడని యిల్లు లేదు. మార్కాపురపు పలకల గనుల చెంత పేరుకొన్న రాతిచెక్కల కుప్పలలోను, గిద్దలూరు కంభముల నడుమ కంది చేల గట్లయందును, ఇండ్ల వెనుక గడ్డివాముల క్రిందను అది మనకు పొరుగుదియై కాపురము చేయుచున్నది. మనము దానిని చూచి భయపడుదుము, భయపడి చంపుదుము, చంపి ప్రాయశ్చిత్తము చేసికొందుము, ఏటికొకనాడు పుట్టకు పోయి పూజింతుము. ఇన్ని చేయుచున్న మనము చేయనిది యొక్కటియే. దాని సంగతి తెలిసికొన యత్నింపము.

కొన్ని నెలల క్రిందట గిద్దలూరు ప్రాంతపు రైతొకడు మా యింటికి వచ్చి, "అయ్యవారూ, మీరు బడిలో సైన్సు చెప్పినారు గదా. ఇంట్లో పెట్టుకున్న పాము తిండి ముట్టకపోతే ఏం చేయాల?" అని యడిగెను. అతని కథ పిమ్మట చెప్పెదము. ఆ ప్రశ్న వినగానే అర్ధశతాబ్దమునకు పూర్వపు దినమొకటి మా కన్నులయెదుట నిలిచినది. ఇన్నాళ్ళును దానిని మేము వ్రాయలేదు. వ్రాయకుండుటకు కారణము మఱపు కాదు, సిగ్గు.

అది 1968వ సంవత్సరపు నాగుల చవితి. అప్పటికి మార్కాపురము కర్నూలు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినప్పుడు దానిలో చేరినది. ఆ జిల్లాకు 1972లో ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. మాకప్పుడు ఎనిమిదేండ్లు. మా పెద్దన్నకు వివాహమై నాలుగు సంవత్సరములు గడచినను వదినెకు సంతానము కలుగలేదు. అది నాగదోషమని మా అవ్వ నిశ్చయించినది. రావిచెట్టు క్రింద నాగశిలను నిలిపిరి. నలువది దినములు వదినెచేత ప్రదక్షిణములు చేయించిరి. లోపము మా అన్నయందుండవచ్చునను తలంపు ఆ యింట నెవరికిని రాలేదు. వచ్చినను అది నోట ననదగిన మాట కాదు.

ఆ చవితినాడు వదినె తెల్లవాఱుజామున తలంటుకొని, మంచినీరైనను ముట్టక, పుట్టకు పోయి చలిమిడి, చిమ్మిలి, ఆవుపాలు సమర్పించి వచ్చినది. ఆమె యింక గడప దాటి లోనికి రాకమునుపే వీధిలో నాగస్వరము వినవచ్చెను. పాములవాడు భుజమున కావడితో మా వాకిట నిలిచెను. అవ్వ అతనిని లోపలికి పిలిచి, "పుట్టలో పోసిన పాలు తాగిందో లేదో ఎవరు చూసినారు? కంటిముందర తాగితే దోషం పోయినట్టే" అన్నది. బుట్ట మూత తెఱచిరి. ఇంటిల్లపాదియు చుట్టుచేరితిమి. వదినె రెండుచేతులతో పాలగిన్నె పట్టుకొని కూర్చుండెను.

పాము త్రాగలేదు. పాములవాడు దాని మెడ పట్టి మూతిని పాలలో నుంచెను. అది తల వెనుకకు లాగికొని బుట్ట యంచున వాలినది. రెండవమాఱును అంతియే. వాడు అవ్వ మొగమువంక చూచి, "సామికి ఇష్టం లేదు తల్లీ" అని మూత వేసెను. అవ్వ ఏమియు ననలేదు. వానికి రూపాయి యిచ్చి, గిన్నెలోని పాలను తులసికోటలో పోయించి లోనికి పోయినది.

ఆనాటినుండి మా వదినెను సీమంతములకు పిలుచుట మానిరి. బాలింత గదిలోనికి ఆమెను పోనిచ్చువారు కారు. అన్నకు మఱియొక సంబంధము చూచు మాటయు వచ్చినది. అతడు ఒప్పుకొనలేదు గనుక నిలిచినది. ఆ సాయంకాలము వదినె భోజనమునకు లేవలేదు. ఉపవాసము విడువవలసిన వేళ దాటినది. ఎవరును వచ్చి పిలువలేదు. ఆ దినమున ఒక్క వాకిట రెండు ప్రాణులు ఆహారము ముట్టకుండెను. ఎందుచేతనని ఎవరును ఆ రెంటిలో దేనినిగూర్చియు విచారింపలేదు.

మా సిగ్గు ఇందులో నెక్కడ నున్నదనగా: మేము బుట్టకు అందఱికంటె దగ్గఱగా కూర్చుంటిమి. పాము తల పాలలోనుండి పైకి లేచినప్పుడు దాని పెదవి యంచున నల్లని దారపు పోగు కనబడినది. దేవుని పాము గనుక దానికి కట్టిన రక్షాదారమేమో యని బాల్యబుద్ధితో తలంచితిమి. తలంచి ఊరకుంటిమి. పెద్దవారమై, జంతుశాస్త్రము చదివి, పాములవారితో మాటలాడిన తరువాతనే ఆ దారమేమో తెలిసినది.

పట్టిన నాగుపామునకు మొదట కోఱలు పెఱికివేయుదురు. కొందఱు విషగ్రంథినికూడ కోయుదురు లేక కాల్చుదురు. పండుగ దగ్గఱపడగానే మఱికొందఱు దాని నోటిని సూదిదారములతో కుట్టివైతురు. గడ్డిపోచ పట్టునంత సందు మాత్రము విడుతురు. అటుపై వారములతరబడి నీరు చూపక బుట్టలోనుంతురు. దాహముచే నాలుక యెండిన జీవము ఎదుట ఏ ద్రవమున్నను పీల్చును. దానినే మనము నాగదేవత పాలారగించినదని చేతులు జోడించి చూతుము. పాలు పాము ఆహారము కాదు. పాలు పిల్లలకు చన్నిచ్చు జంతువులు తమ శిశువులకొఱకు సిద్ధపఱచుకొన్నవి; పాము తన పిల్లకు పాలిచ్చునది కాదు, పాలను జీర్ణము చేసికొను శక్తియు దాని ప్రేవులకు లేదు. బలవంతముగా పట్టిన పాలు ఊపిరిగొట్టములోనికి దిగును. ఊపిరితిత్తి చెడి, కుట్టినచోట పుండు కుళ్ళి, పండుగ వెళ్ళిన కొలదిదినములకే అనేకములు చచ్చును.

కావున మా యింట ఆనాడు జరిగినది దేవతా తిరస్కారము కాదు. త్రాగినచో అది దాహము. త్రాగకపోయినచో అది గాయము. ఈ రెంటిలో దేనికిని మా వదినె గర్భముతో సంబంధము లేదు.

ఇంక పాము స్వభావసిద్ధముగా ఏల తినదు, ఎప్పుడు తినదు అనునది విచారింతము. మనుష్యుడు పూటకొకమాఱు తినునట్టి జీవి గనుక తినని ప్రాణిని చూచినంతనే ఆందోళనపడును. పాము జీవితము వేఱు. మన దేహము తన వేడిని తానే పుట్టించుకొనును. మనము తినుదానిలో చాలభాగము ఆ కొలిమికే పోవును. పాము ఎండనుండి, నేలనుండి వేడిని తెచ్చుకొనును గనుక దానికి కొలదిపాటి యాహారము చాలును. బాగుగ మ్రింగిన నాగుపాము దినములకొలది, పెద్ద కొండచిలువ నెలలకొలది మఱి తినకయే యుండగలదు. అమెరికాలో జరిగి 2007లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో మూడు తెగల పాములను 168 దినములు తిండిలేక యుంచిరి. అవి చావలేదు. కొన్ని తమ దేహవ్యయమును 72 శాతమువఱకు తగ్గించుకొని, ఆ కఱవులోనే కొంచెము పొడవుకూడ పెరిగినవి. బర్మాదేశపు కొండచిలువ మన నల్లమల కొండచిలువకు దగ్గఱి చుట్టము. తినని దినములలో దాని ప్రేవులు ముడుచుకొని పనిమానియుండును. ఎరను మ్రింగిన ఒకటి రెండు దినములలో చిన్నప్రేవుల బరువు సుమారు రెట్టింపగును, గుండెకండయు 40 శాతము పెరుగును. అనగా పామునకు భోజనము నిత్యకృత్యము కాదు. ఇల్లంతయు సవరించుకొని చేయవలసిన పెండ్లివంటిది. సామగ్రి కుదరనినాడు అది పెండ్లి పెట్టుకొనదు.

ఆ సామగ్రిలో మొదటిది వేడి. ఉష్ణదేశపు పాములలో పెక్కింటికి 30 డిగ్రీల చాయ వేడియున్నగాని జీర్ణము సరిగా సాగదు. చలిలో మ్రింగిన యెలుక కడుపులోనే కుళ్ళి పామునే చంపగలదు. గనుక అది చలికి వెఱచి తినదు, తిన్నను కక్కివైచును. మన నాగుల చవితి కార్తికములో, ముసురు పట్టి రాత్రులు చల్లబడు కాలమున వచ్చుచున్నది. ఆ దినములలో పాము తినుటకు తొందరపడకుండుట ప్రకృతియే. రెండవది కుబుసము. కుబుసము విడుచుటకు కొన్నిదినములముందు దాని కన్నులపై పొర మసకబాఱును. చూపు చాలక, చర్మము నొచ్చి, అది మఱుగున పడియుండును. మూడవది సంతానము. కడుపున గ్రుడ్లు నిండిన పాము తినుట తగ్గించును. మన కొండచిలువ తల్లి గ్రుడ్లను చుట్టుకొని, ఒడలి కండలను వణకించి వానికి వేడి కలుగజేయుచు, పిల్లలు వెలువడువఱకు ఆహారము మఱచియుండును. ఋతువు వచ్చినప్పుడు మగపాములు జోడు వెదకుటలో తిండిని విడుచును.

నాలుగవది రుచి. పాములన్నియు ఒక్కటే తినునని మన భ్రమ. జెర్రిపోతు ఎలుకలను కప్పలను తినును. నీరుకట్టె కప్పలను చేపలను కోరును. కట్లపాము తోటిపాములనే తినుటకు ప్రసిద్ధము. నాగుపాము ఎలుకలు, కప్పలు, పక్షులు, గ్రుడ్లు, వేఱు పాములు అన్నియు తినగలదు. తనది కాని తిండిని ఎదుటపెట్టిన పాము ముట్టదు. అయిదవది భయము. మఱుగులేని చోటునుంచి, పగలంతయు చేతులతో తాకి, నలుగురికి చూపించిన పాము తనను తాను పట్టువడిన యెరగా నెంచుకొనును. ప్రాణభయమున్నవానికి ఆకలి యెక్కడిది? ఆఱవది రోగము. నోటిపుండ్లు, కడుపులోని నులిపురుగులు, ఒంటిని పట్టిన గోమార్లు, నీటికఱవు. ఈ ఆఱవదానిని తక్కినవానినుండి వేఱుచేయుటకు గుఱుతు బరువు. ఉపవాసమున్న పాము బరువు నిలుపుకొనుచున్నచో అది విశ్రాంతి. చిక్కి వెన్ను తేలుచున్నచో అది వ్యాధి.

ఇంక గిద్దలూరు రైతు మాట. అతని బోర్లు రెండును ఎండిపోయినవి, అప్పు పెరిగినది. ఎవడో తరగరి వచ్చి, రెండుతలల పాము ఇంటనున్న లక్ష్మి నిలుచుననియు, అది ఇంత తూకమునకు వచ్చినచో పట్టణమువారు లక్షలిచ్చి కొందురనియు నమ్మించి, మఱికొంత అప్పు చేయించి, ఒక పామును చేతిలో పెట్టిపోయెను. మేము పోయి చూచితిమి. చీకటిగదిలో మట్టిబానలో పసుపుగుడ్డమీద అది చుట్టుకొని పడియున్నది. ప్రక్కన గిన్నెలో పాలు, ఒక కోడిగ్రుడ్డు. "నెల దినాలాయె అయ్యవారూ, ఏమీ ముట్టలా. తూకం తగ్గతాంది. లక్ష్మికి మామీద కోపమేమో" అని అతని భార్య కన్నుల నీరు పెట్టుకొనెను.

దానికి రెండుతలలు లేవు. తోక మొద్దుగా తలవలె నుండును. శత్రువు వచ్చినప్పుడు తలను మఱుగుపఱచి తోకను చూపి మోసగించుట దాని యుపాయము. అది విషములేని పాము. వదులైన మంటిలో దూఱి యుండి, రాత్రి బయలువెడలి, ఎలుకను చుట్టి ఊపిరాడనీయక చంపి మ్రింగును. ఆ బానలో దానికి దూఱుటకు పిడికెడు మన్నులేదు, వెచ్చని చోటులేదు, తినదగిన యెలుక లేదు. లక్ష్మికి కోపము రాలేదు. పాము తన సామగ్రి లేనందున పెండ్లి మానుకొన్నది. ఆ చేలగట్టుననే విడిచియుండిన యెడల అది ఏటేట ఎన్నియో యెలుకలను తిని, అదే రైతు కందిపంటను కాచియుండెడిది. లక్ష్మి యనదగినది ఏదైన నున్నచో అదియే.

దేశీయ సర్పములను పట్టుటయు, ఇంట నుంచుటయు, అమ్ముటయు 1972నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనముచే నిషిద్ధములు. ఆ సంగతి చెప్పి, మేము తోడుపోయి, దానిని అటవీశాఖవారికి అప్పగింపజేసితిమి. పాము బ్రదుకుదారి చూచుకొన్నది. రైతునకు అప్పు మిగిలినది. తరగరి మఱి కనబడలేదు. ఇటువంటివారు పట్టుబడిన వార్తలు తెలుగుదేశపు పత్రికలలో తఱచుగా వచ్చుచునే యున్నవి. అయినను కొనువారు తగ్గలేదు, ఏలయన కఱవు తగ్గలేదు.

విదేశములలో సరదాకొఱకు పాములను పెంచువారు పెక్కండ్రు గలరు. వారు పెంచువానిలో పశ్చిమాఫ్రికాదేశపు చిన్న కొండచిలువ యొకటి. భయపడినప్పుడు బంతివలె చుట్టుకొనును గనుక దానికి బాల్ పైథాన్ అని పేరు. అది చల్లని కాలమున నెలలతరబడి తినకుండుటకు పేరుపడినది. క్రొత్తగా పెంచువాడు కంగారుపడి వెదురుపుల్లతో నోరు తెఱచి కుక్కును. తెలిసినవాడు తూచి, వేడి సరిచూచి, దాగుటకు గూడు పెట్టి, ముట్టక ఓపికతో వేచియుండును. ఈ తెలివి మనకును పనికివచ్చును. పాములకొఱకే యని మేము చెప్పుటలేదు. తినని బిడ్డ నోట ముద్ద కుక్కు తల్లులు, మాటలాడని కోడలిని మొండిదను అత్తలు మన యిండ్లలో లేరా? వద్దనుటకు కారణముండును, ఆ కారణము పరిసరములలో నుండును, ముందు పరిసరములను చూడవలె.

పాములవానిని మాత్రము దోషిగా నిలిపి మనము తప్పించుకొనుట న్యాయము కాదు. వాని కావడిలోని పాము కోఱలు పెఱికినది వాని చేయి. పెఱికించినది మన రూపాయి. ఆ విద్య మంచిదారిని పట్టగలదనుటకు తమిళదేశపు ఇరులలే నిదర్శనము. ఒకప్పుడు వారు తోళ్ళకొఱకు పాములను చంపెడివారు. ఆ వ్యాపారము నిలిచిపోగా 1978లో మదరాసు దగ్గఱ సహకారసంఘముగా కూడిరి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటిని అనుమతితో పట్టి, కొన్నివారములు మాత్రముంచి, విషము తీసి, మరల అడవిలో విడుచుచున్నారు. ఆ విషముతోనే పాముకాటునకు మందు తయారగును. పామును కుట్టిన సూదియు, పాముకాటు మందెక్కించు సూదియు సూదులే. భేదము పట్టినవాని చదువులోను, పనియిచ్చినవాని బుద్ధిలోను నున్నది.

"అయినచో పెద్దలు పెట్టిన పండుగను మానుకొందుమా?" అని కొందఱు చదువరులడుగుదురు. మానుకొనవలెనని మేము చెప్పము. పుట్టను త్రవ్వరాదు, పామును చంపరాదు అను నియమము ఈ పండుగ మూలముననే మన పల్లెలలో కొంతయైన నిలిచినది. అది మేలైన ఆచారము. పుట్టకు దూరముగా నిలిచి నమస్కరింపుడు, పసుపుకుంకుమలుంచుడు, చిమ్మిలి బిడ్డలకు పంచుడు. పాలను మాత్రము పాలు త్రాగువారికే యీయుడు. బుట్టలోని పాము మీ వాకిటికి వచ్చినచో గిన్నె తేకుడు. అటవీశాఖవారికి కబురు చేయుడు. మఱియు సంతానములేని స్త్రీని పాము నోటి తీర్పునకు ఒప్పగింపకుడు. భార్యాభర్తల నిద్దఱిని వైద్యుని యొద్దకు పంపుడు.

మా అన్న వదినెలు అట్లు పోవునప్పటికి పదునైదేండ్లు గడచినవి. వైద్యుడు ఇద్దఱిని పరీక్షించి వదినెయందు లోపమేమియు లేదని చెప్పెను. ఆ మాట వినుటకు అవ్వ లేదు. వదినెకు బిడ్డలు కలుగలేదు. మమ్మును, మా తరువాత మా బిడ్డలనుకూడ ఆమెయే పెంచినది. ఇప్పుడామె యెనుబదియేండ్లకు చేరువలో నున్నది. ఈ రైతు కథ జరిగిన పిమ్మట మేము ఆమెయొద్ద కూర్చుండి ఆ నల్లదారపు సంగతి మొదటిసారిగా చెప్పితిమి. ఆమె బియ్యములో రాళ్ళేఱుచు చాలసేపు పలుకలేదు. పిదప తలయెత్తక, "అయితే ఆ పొద్దు దానికీ నోరు లేదు, నాకూ లేదు. నీకుండె గదా నాయనా" అన్నది.

ఆ మాటకు మాయొద్ద ఉత్తరము లేదు. ఎనిమిదేండ్ల బాలుడేమి యెఱుగునని మమ్మును మేము ఓదార్చుకొనవచ్చును. కాని పదునెనిమిదేండ్లకును, ముప్పదేండ్లకును, ఏబదేండ్లకును మేము చెప్పలేదు. కావున ఆలస్యముగనైనను ఈ నాలుగు పుటలు వ్రాయుచున్నాము. వచ్చు చవితినాడు మీ యింట నెవరైన పసివారు బుట్ట దగ్గఱ కూర్చుండి, "అమ్మా, పాము నోటికి దారముంది" అని చెప్పినచో, దయచేసి వారి మాట వినుడు.